నాలుగు తొమ్మిదులు, ఎనిమిది మంది నిద్ర

2025 అక్టోబర్ 20, దీపావళి. మన గడియారంలో మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాలు. చాలా ఇళ్లలో ఇంకా పిండివంటల పనే నడుస్తోంది. అదే సమయానికి అమెరికాలోని వర్జీనియాలో, అమెజాన్ క్లౌడ్ నడిపే డైనమోడీబీ అనే డేటాబేస్ సేవకు చిరునామా లేకుండా పోయింది. ఆ చిరునామాలను ఎప్పటికప్పుడు సరిచేయడానికి పెట్టిన ప్రోగ్రాముల్లో ఒకటి ఆలస్యంగా వచ్చి పాత పట్టికను తగిలించింది. రెండోది దాన్ని చూసి, పాతదే కదా అని తుడిచేసింది. ఇక ఏ పట్టికా మిగల్లేదు. డేటాబేస్ ఉంది, యంత్రాలు బాగానే ఉన్నాయి. అక్కడికి వెళ్లే దారి మాత్రం ఎవరికీ తెలియదు.

డేటాబేస్ మూడు గంటల లోపే కోలుకుంది. దాని మీద ఆధారపడ్డ మిగతా సేవలు తేరుకుని, కొత్త సర్వర్లు మామూలుగా లేచేసరికి మనకు తెల్లవారుజాము 2:20 అయింది. మొత్తం 14 గంటలు. ఆ 14 గంటల్లో దీపాలు పెట్టాల్సిన వేళ లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లు హైదరాబాద్, బెంగళూరు, పుణె నగరాల్లో చాలామందే ఉంటారు. వాళ్లు అమెజాన్ ఉద్యోగులు కారు. ఏదో బ్యాంకులోనో, మందుల కంపెనీలోనో, సరుకుల యాప్‌లోనో క్లౌడ్ ఇన్‌ఫ్రా టీం మనుషులు. క్లౌడ్‌ను కట్టేది వీళ్లు కాదు. తమ సంస్థ అద్దెకు తీసుకున్న భాగాన్ని కనిపెట్టుకుని ఉండడం వీళ్ల పని.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నేనూ కొన్నేళ్లు అలాంటి టీం నడిపాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడి చేతిలో మూడు ఖాతాలుంటాయి: నిమిషాలు, డబ్బు, మనుషుల నిద్ర. మొదటి రెండింటినీ పైవాళ్లు నెలనెలా అడుగుతారు. మూడోదాన్ని ఎవరూ అడగరు. నా అనుభవంలో మొదట దివాలా తీసేది ఆ ఖాతానే.

నిమిషాల ఖాతా

ఈ వృత్తిలో బేరమంతా తొమ్మిదులతోనే. ఏడాదికి 8,760 గంటలు. సేవ 99 శాతం నడుస్తుందంటే 87 గంటలకు పైగా, అంటే మూడున్నర రోజులకు మించి ఆగిపోవచ్చన్నమాట. మరో తొమ్మిది చేర్చి 99.9 అంటే 8 గంటల 46 నిమిషాలు. 99.99 అంటే ఏడాది మొత్తానికి 52 నిమిషాలు. 99.999 దగ్గర 5 నిమిషాల 15 సెకన్లు మిగులుతాయి. కాగితం మీద ఒక తొమ్మిది రాయడానికి క్షణం పట్టదు. ఆ ఒక్క అంకె కోసం రెండో డేటాబేస్, రెండో నగరం, రాత్రి మేలుకునే రెండో మనిషి కావాలి.

30 రోజుల నెలకు చూస్తే నాలుగు తొమ్మిదులకు దక్కేది 4 నిమిషాల 19 సెకన్లు. నిద్రలో ఉన్న మనిషి ఫోను మోగితే లేచి, కళ్లజోడు వెతుక్కుని, లాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ కలిపి, పాస్‌వర్డ్ కొట్టేసరికే ఆ నెల ఖాతా ఖాళీ. కాబట్టి నాలుగు తొమ్మిదులకు మాట ఇచ్చామంటే, మనిషి లేవకముందే యంత్రం తనంతట తాను బాగుపడాలని ఒప్పుకున్నట్టే. ఈ సంగతి తెలియకుండా ఒప్పందంలో ఆ అంకె రాయించుకొచ్చే సేల్స్ మిత్రులను చాలామందిని చూశాను. వాళ్ల మీద కోపం లేదు. వాళ్లకు ఈ లెక్క ఎవరూ వేసి చూపించరు.

ఆ నాలుగు నిమిషాలకు బయట ఎంత విలువో తెలియాలంటే యూపీఐని చూడండి. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 2,000 కోట్లు దాటాయి. సగటున సెకనుకు 7,400 పైచిలుకు. 4 నిమిషాల 19 సెకన్ల పాటు అన్నీ ఆగితే 19 లక్షల చెల్లింపులు నిలిచిపోతాయి. కిరాణా కొట్టు ముందు, పెట్రోలు బంకు దగ్గర, ఆటో దిగాక ఫోను పట్టుకుని నిలబడే 19 లక్షల మంది.

గుణకారం దగ్గర మరో చిక్కుంది. ఒక యాప్ పని చేయాలంటే లాగిన్, డేటాబేస్, చెల్లింపులు, ఎస్ఎంఎస్, వెతుకులాట అనే ఐదూ కలిసి నడవాలనుకుందాం. ఒక్కోటీ 99.9 శాతం నమ్మకమైనదే. ఐదింటినీ గుణిస్తే 99.5 వస్తుంది. ఏడాదికి దాదాపు 44 గంటలు. ఎవరి మటుకు వాళ్లు 9 గంటల లోపే ఆగారు, యాప్ మాత్రం రెండు రోజులకు దగ్గరగా పడిపోయింది. సమావేశంలో ఐదుగురు అధిపతులూ తమ అంకె చూపించి బయటపడతారు. సమాధానం చెప్పాల్సింది టీం నడిపే ఇన్‌ఫ్రా లీడ్.

దీనికి విరుగుడు జంటగా పెట్టడం. 99 శాతమే నమ్మదగిన సర్వర్లు రెండు పక్కపక్కన నడిపితే, రెండూ ఒకేసారి పడే అవకాశం నూటికి ఒకటిలో మళ్లీ నూటికి ఒకటి. అంటే 99.99. చౌకగా రెండు తొమ్మిదులు కలిసొచ్చాయి. అయితే రెండింటి పతనానికీ సంబంధం ఉండకూడదు. ఒకే తప్పుడు సెట్టింగు రెండింటికీ వెళితే లెక్క చెల్లదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూల్చింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి పట్టింది 78 నిమిషాలే. ఆలోగా తెచ్చుకున్న యంత్రాలు మాత్రం వాటంతట అవి లేవలేదు. ఆ రోజు మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

క్లౌడ్ కంపెనీ ఇచ్చే హామీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెజాన్ ఈసీ2 సర్వర్లకు ఒక ప్రాంతం మొత్తం మీద 99.99 శాతం హామీ ఉంది. అది తప్పి, 99 శాతానికి దిగకుండా ఉంటే 10 శాతం వెనక్కి ఇస్తారు. ఆ 10 శాతం మీ వ్యాపారం పోగొట్టుకున్నదాంట్లో కాదు, ఆ సేవకు మీరు కట్టే బిల్లులో. అదీ తర్వాతి బిల్లులో తగ్గింపుగా. వానకు పంట పోతే విత్తనాల కొట్టువాడు సంచి డబ్బులో పదోవంతు మాఫీ చేసినట్టు.

ఇన్ని లెక్కల మధ్య లీడ్‌కు నిజంగా పనికొచ్చే పనిముట్టు ఒకటుంది. గూగుల్‌లో 2003లో బెన్ ట్రేనర్ స్లాస్ ఏడుగురు ఇంజినీర్లతో మొదలుపెట్టిన విభాగం నుంచి వచ్చిన 'ఎర్రర్ బడ్జెట్'. నెలకు 99.9 అని ఒప్పుకున్నాం, అంటే 43 నిమిషాలు తప్పు చేయడానికి మనకు అనుమతి ఉంది. ఆ 43 నిమిషాలను ఖర్చు పెట్టుకోవచ్చు: కొత్త ఫీచర్లకు, సాహసాలకు, డేటాబేస్ మార్పిడికి. 10వ తారీకుకే 40 నిమిషాలు అయిపోతే, నెలాఖరు దాకా కొత్త కోడ్‌ను సర్వర్లకెక్కించే డిప్లాయ్‌లు ఆపాలి. ఆ మాట ప్రొడక్ట్ అధిపతితో అనడం కష్టమే. అయినా 'నాకు భయంగా ఉంది' అనడం కన్నా '3 నిమిషాలే మిగిలాయి' అనడం తేలిక. వాదన మనుషుల మధ్య నుంచి అంకె మీదకు వెళుతుంది.

డబ్బు ఖాతా

అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 నిల్వ సేవను, ఆగస్టులో ఈసీ2 సర్వర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. గంటల లెక్కన అద్దె అనగానే అందరికీ చౌక అనిపించింది. నెలకు సగటున 730 గంటలు ఉంటాయన్న సంగతి బిల్లు వచ్చాక గుర్తొస్తుంది.

కొత్తగా బాధ్యత తీసుకున్న లీడ్ మొదటి వారంలోనే చేయదగిన లెక్క ఒకటుంది. డెవలపర్లు వాడుకునే టెస్ట్ సర్వర్లు వారానికి ఎన్ని గంటలు అవసరం? రోజుకు 10 గంటలు, ఐదు రోజులు అనుకుంటే 50. వారంలో గంటలు 168. రాత్రీ పగలూ నడిపితే 70 శాతం డబ్బు ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యానుకు కట్టినట్టే. సాయంత్రం 7 గంటలకు ఆపి, పొద్దున 9 గంటలకు లేపే చిన్న ప్రోగ్రాం రాయడానికి ఒక పూట చాలు. ఆ తర్వాత 'నా సర్వర్ ఎవరు ఆపారు' అని వచ్చే ఫోన్లకు సమాధానం చెప్పడానికి ఒక నెల.

చిల్లర పద్దులు మరీ విచిత్రంగా ఉంటాయి. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ పబ్లిక్ ఐపీ చిరునామా ఒక్కోదానికి గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. నెలకు 3 డాలర్ల 65 సెంట్లు. పట్టించుకోదగ్గదేం కాదు. కానీ వాడకుండా వదిలేసినవి 300 ఉంటే నెలకు 1,095 డాలర్లు. ఒకే ప్రాంతంలోని రెండు జోన్ల (విడివిడి డేటా సెంటర్ల) మధ్య డేటా కదిలితే ఒక్కో జీబీకి పంపినవైపు ఒక సెంటు, అందుకున్నవైపు ఒక సెంటు. రోజుకు ఒక టీబీ కబుర్లు చెప్పుకునే రెండు సర్వర్లు నెలకు 600 డాలర్లు ఖర్చు చేస్తాయి. పైన జంట సర్వర్లు పెట్టమన్నాను కదా, ఆ జంట కాపురం ఖర్చు ఇది. నమ్మకానికీ బిల్లుకూ మధ్య గొడవ ఇలాంటి చోట్లే.

ముందే ఏడాదికో మూడేళ్లకో మాట ఇస్తే 72 శాతం దాకా తగ్గిస్తారు. ఎంత వాడకం ఉంటే లాభమో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 30 శాతం తగ్గింపు దొరికితే, ఆ సర్వర్‌ను కనీసం 70 శాతం సమయం వాడాలి. అంతకు తక్కువైతే మాట ఇవ్వకపోవడమే మేలు.

క్లౌడ్ ఎవరికి గిట్టుబాటు అనే ప్రశ్నకు రెండు ఉదాహరణలు ఎదురెదురుగా పెట్టి చూడొచ్చు. 2019 జూలై 10న మాంచెస్టర్‌లో భారత్, న్యూజిలాండ్ ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ అయ్యాక జనం కట్టలుకట్టలుగా వెళ్లిపోయారు. వెళ్లిపోతే భారం తగ్గాలి కదా? తగ్గదు. ఆటను వదిలి వెనక్కి నొక్కినవాళ్లంతా ఒకేసారి హోం పేజీ మీద పడతారు. వీడియోను దేశమంతా పరచుకున్న కాషే సర్వర్లు మోస్తాయి. హోం పేజీ అలా కాదు, ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా సొంత సర్వర్లే తయారు చేసివ్వాలి. అందుకే చూసేవాళ్లు పెరుగుతారేమోనని ఎంత కాపు కాయాలో, తరుగుతారేమోనని అంతే కాయాలి. 2023 నవంబర్ 19 ఫైనల్ నాటికి ఆ అంకె 5.9 కోట్లు. ఇలాంటి వ్యాపారం సర్వర్లను కొని పెట్టుకుంటే మిగతా 300 రోజులు అవి గదిలో ఊరికే మూలుగుతాయి.

రెండో వైపు 37సిగ్నల్స్ అనే చిన్న అమెరికన్ సాఫ్ట్‌వేర్ సంస్థ. వాళ్ల వాడకం ఏడాది పొడవునా ఒకే తీరు. 2022లో క్లౌడ్ బిల్లు 32 లక్షల డాలర్లు వచ్చింది. బయటికి వచ్చేస్తామని ఆ అక్టోబర్‌లోనే ప్రకటించి, దాదాపు 7 లక్షల డాలర్లతో సొంత సర్వర్లు కొనుక్కున్నారు. 2024 నాటికి ఏడాది బిల్లు 13 లక్షలకు దిగింది. ఉన్న టీంతోనే నడిపారు. పెళ్లికి షామియానా అద్దెకు తెచ్చుకుంటాం, ఉండే ఇంటికి ఎవరూ షామియానా వేసుకోరు. చాలా కంపెనీలు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటాయి. ఏ భాగం పెళ్లి, ఏ భాగం ఇల్లు అని విడదీయడమే లీడ్ పని.

చట్టం కూడా బిల్లులో కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో కబురు పెట్టాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. రోజుకు 200 జీబీ లాగ్‌లు వచ్చే సంస్థకు అది 36 టీబీ. ముంబై ఎస్3లో జీబీకి నెలకు రెండున్నర సెంట్ల లెక్కన 900 డాలర్లు. అది భరించవచ్చు. 6 గంటల నియమమే అసలు బరువు. ఎందుకంటే అది మూడో ఖాతాలోంచి తీస్తుంది.

నిద్ర ఖాతా

వారానికి 168 గంటలు. మనిషి పనిచేసేది 40 అనుకున్నా, 128 గంటలు ఆఫీసు వేళకు బయటే. సేవ పడిపోవాలంటే ఆ 128లో పడే అవకాశమే మూడింతలు ఎక్కువ. పైగా మన ఊళ్లో ఉండి అమెరికా వ్యాపారాన్ని కాసేవాళ్లకు గడియారం పూర్తిగా తలకిందులు. వేసవిలో కాలిఫోర్నియాలో మధ్యాహ్నం 2 అయితే మాదాపూర్‌లో అర్ధరాత్రి దాటి రెండున్నర. వాళ్ల రద్దీ వేళ మన గాఢనిద్ర వేళ. మార్చిలోనూ నవంబర్‌లోనూ వాళ్లు గడియారం ఒక గంట జరుపుతారు. అప్పుడు మన రోటా జరుగుతుంది, రాత్రి నడిచే ప్రోగ్రాములూ జరుగుతాయి, కొన్ని రెండుసార్లు నడుస్తాయి.

గూగుల్ ఇంజినీర్లు 2016లో తెచ్చిన ఎస్ఆర్ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్) పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన అంకె సర్వర్లకు సంబంధించింది కాదు. ఆన్‌కాల్‌కు, అంటే ఫోను మోగితే లేచి చూసే బాధ్యతకు, మనిషి సమయంలో నాలుగో వంతు మించకూడదు అంటారు. ఒకరు ముందు, ఒకరు వెనక, ఇద్దరు ఉండాలి. వారం వారం మారాలి. ఇద్దరు నాలుగో వంతు కావాలంటే టీంలో ఎంతమంది ఉండాలి? ఎనిమిది. భూగోళానికి రెండు వైపులా రెండు ఆఫీసులుంటే ఒక్కో చోట ఆరుగురు. 12 గంటల షిఫ్టులో రెండు ఇన్సిడెంట్లు మించకూడదని కూడా అందులో ఉంది. మంట ఆర్పడం, కారణం వెతకడం, మళ్లీ రాకుండా చేయడం, జరిగింది రాయడం అన్నీ కలిపి ఒక్కోదానికి 6 గంటలు పడుతుందని లెక్క.

ఇప్పుడు మన మధ్యస్థాయి కంపెనీల్లో మామూలుగా ఉండే టీం తీసుకోండి. నలుగురు. ఇద్దరు కాయాలి కాబట్టి ప్రతి మనిషి ఏడాదికి 26 వారాలు ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. సినిమాకు వెళితే లాప్‌టాప్ బ్యాగు, అత్తగారింటికి వెళితే లాప్‌టాప్ బ్యాగు. అందులో ఒకరు మానేస్తే ముగ్గురు. మిగిలినవాళ్ల భారం 35 వారాలకు చేరుతుంది. రెండోవాడు మానేయడానికి ఆ అంకె చాలు. సర్వర్ల విషయంలో దీన్ని గొలుసుకట్టు పతనం అంటాం, గ్రాఫులు గీస్తాం. మనుషుల విషయంలో 'అట్రిషన్' అని హెచ్ఆర్‌కు పంపేస్తాం.

ఎనిమిది మందిని ఇవ్వరు అనుకుందాం. అప్పుడు లీడ్ చేతిలో ఉన్నది అలర్టులను తగ్గించడం. ఒక సర్వర్‌ను నిమిషానికి ఒకసారి బతికుందా అని అడుగుతాం. ఏడాదికి 5,25,600 సార్లు. పదివేల సార్లలో ఒక్కసారి అబద్ధపు గంట మోగినా ఒక సర్వర్‌కు ఏడాదికి 52. సర్వర్లు 200 ఉంటే 10,500 పైన. రోజుకు 29. అంటే వ్యవస్థలో ఏ జబ్బూ లేకపోయినా గంటకోసారి ఫోను మోగుతూనే ఉంటుంది. నెల తిరిగేలోగా మనుషులు దాన్ని వినడం మానేస్తారు. నాన్నా పులి కథే. వరుసగా మూడు నిమిషాలు తప్పితేనే మోగించు అన్న ఒక్క మార్పు ఇందులో చాలా భాగాన్ని తుడిచేస్తుంది. వినియోగదారుడికి ఇబ్బంది లేని విషయానికి రాత్రి ఎవరినీ లేపొద్దు అన్న నియమం మిగతాదాన్ని. డిస్కు 80 శాతం నిండిందన్న కబురు పొద్దున 10 గంటలకు చెబితే కొంప మునగదు.

అలసిన మనిషి చేతి నుంచి ఏం జరుగుతుందో గిట్‌ల్యాబ్ సంస్థ దాచకుండా చెప్పింది. 2017 జనవరి 31 రాత్రి, పొద్దుపోయే దాకా పనిచేస్తున్న ఇంజినీరు ఖాళీ చేయాల్సిన సర్వర్‌కు బదులు అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లో ఫోల్డర్ చెరిపే ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపాడు. 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ విధానాలు ఐదున్నాయి, ఒక్కటీ సరిగ్గా లేదు. డేటాబేస్‌కూ బ్యాకప్ తీసే పనిముట్టుకూ వెర్షన్ కుదరక బ్యాకప్ రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా దారిలోనే తిరస్కరణకు గురవుతున్నాయి. ప్రమాదానికి ఆరు గంటల ముందు ఎవరో వేరే పని కోసం తీసుకున్న నకలు వాళ్లను కాపాడింది. 18 గంటలు పట్టింది. బ్యాకప్ తీశామా అన్నది లీడ్ అడగాల్సిన ప్రశ్న కాదు. దాని నుంచి తిరిగి లేపి చూసి ఎన్ని రోజులైంది అన్నది అడగాలి.

అదే ఏడాది ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3లో జరిగింది కూడా ఇలాంటిదే. బిల్లింగ్ వ్యవస్థలో నెమ్మదితనాన్ని సరిచేయబోయిన ఇంజినీరు ఒక ఆదేశాన్ని తప్పుగా కొట్టాడు. తీయాల్సినవాటికన్నా ఎక్కువ సర్వర్లు పక్కకు పోయాయి. 4 గంటల 17 నిమిషాలు. ఏళ్ల తరబడి పూర్తిగా ఆపి లేపని భాగం అది, లేవడానికి అనుకున్నదానికన్నా ఎక్కువసేపు తీసుకుంది. ఏది పనిచేస్తోందో లోకానికి చెప్పే స్టేటస్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండడంతో దాన్నీ మార్చలేకపోయారు. తర్వాత వాళ్లు ప్రకటించిన చర్యలు చదవదగ్గవి: ఆ పనిముట్టు ఇకమీదట సర్వర్లను నెమ్మదిగానే తీస్తుంది, కనీస సంఖ్యకు దిగబోతే ఒప్పుకోదు. దిద్దింది పనిముట్టును.

మన దగ్గర ఇలాంటి రాత్రి తర్వాత పొద్దున్నే వచ్చే మొదటి ఫోన్ 'ఎవరు చేశారు' అనే. ఒకసారి పేరు చెబితే, రెండోసారి తప్పు జరిగినప్పుడు టీంలో ఎవరూ నోరు విప్పరు. నేను ఒకసారి చెప్పాను. తర్వాత మూడు నెలలు ప్రతి ఇన్సిడెంటులోనూ మొదటి అరగంట అసలేం జరిగిందో రాబట్టడానికే పోయేది.

ఇప్పుడు డేటా సెంటర్లు మన పత్రికల్లో మొదటి పేజీ వార్తలు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ ప్రాంతాన్ని మూడు జోన్లతో తెరిచింది. గూగుల్ 2025 అక్టోబర్ 14న విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. ముంబైలో ఒక నకలు, హైదరాబాద్‌లో ఒక నకలు పెట్టుకునే వీలు కలగడం చిన్న సంగతేం కాదు. ఆ రెండు నకళ్లనూ కాసేవాళ్లు ఎంతమంది అన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు.

డిసెంబర్ రెండో వారంలో మా టీంలో ఒక కాగితం తిరిగేది. భోగి, సంక్రాంతి, కనుమ. రోజుకు ఇద్దరు, ఆరు గడులు. ఏడుగురిలో ఐదుగురికి ఊరు వెళ్లాలి. ఛఠ్‌కు మేం కాసినందుకు బదులుగా బిహార్ కుర్రాడు భోగి తీసుకునేవాడు, ఓణం లెక్కన కొట్టాయం అమ్మాయి కనుమ. పండగ ముందు రోజు నుంచి మూడు రోజులు డిప్లాయ్‌లు బందు. 'అన్నా, పోయిన ఏడాది కూడా నేనే' అనే మాట ప్రతిసారీ ఎవరో ఒకరు అనేవాళ్లు, అది నిజమే అయ్యేది. సంక్రాంతి రోజు మొదటి గడిలో నా పేరు రాసుకునేవాణ్ని. రెండో గడి మాత్రం జనవరి వచ్చాక కూడా ఖాళీగానే ఉండేది.